కాలు జారాక శరీరం ఎలా నిలదొక్కుకుంటుంది? ఒకసారి ఆగి, ఇంకోసారి ఎందుకు పడిపోతాం?

పాదముద్ర అడిగిన ప్రశ్న:

తడి నేల మీద నడుస్తుండగా ముందు కాలు మడమ సర్రున ముందుకు జారిందనుకుందాం. కొన్నిసార్లు ఏం జరిగిందో అర్థమయ్యేలోపే మనిషి నిలదొక్కుకుని ఉంటాడు. చూడ్డానికి అంతే జారుడు, ఇంకోసారి వెల్లకిలా పడతాడు. తేడా ఎక్కడుంది?

బ్యాలెన్స్ గురించి చదివితే చీలమండతో సర్దుకోవడం, తుంటితో సర్దుకోవడం, అడుగు వేయడం అని మూడు పద్ధతులు కనిపిస్తున్నాయి. జారినప్పుడు వీటిలో ఏది పనిచేస్తుంది? ఏ కండరం ముందు, ఏది తర్వాత? చేతులు పైకి లేవడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక ఊరికే కంగారా? చివరిగా, 65 దాటినవాళ్లు సాధన చేస్తే ఇది మెరుగవుతుందా? అంకెలతో సహా చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

---

గతిశాస్త్రం:

మడమ నేలకు తగిలిన క్షణాన్ని సున్నా అనుకుని లెక్క మొదలుపెడదాం.

ప్రమాదకరమైన జారుడు సరిగ్గా సున్నా దగ్గర మొదలవదు. 50 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య, ఒంటి బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి మారుతున్నప్పుడు మొదలవుతుంది. ఆ సమయంలో పాదం నేలను ముందుకు తోస్తున్న బలాన్ని, కిందికి నొక్కుతున్న బలంతో భాగిస్తే సమతల నేల మీద మామూలు నడకలో దాదాపు 0.2 వస్తుంది. అంటే నేల, చెప్పు కలిసి కనీసం అంత ఘర్షణ గుణకం ఇవ్వాలి. ఇవ్వకపోతే పాదం ముందుకు పోతుంది. వాలు దిగుతుంటే ఆ అవసరం ఇంకా పెరుగుతుంది. 5 డిగ్రీల వాలుకే సుమారు 0.09 అదనం.

సుమారు 3 సెంటీమీటర్ల లోపు జారితే చాలామందికి ఆ సంగతే తెలియదు. 10 సెంటీమీటర్లు దాటినా, మడమ వేగం సెకనుకు అర మీటరు దాటినా పడిపోయే అవకాశం బాగా పెరుగుతుందని 1980ల తొలినాళ్ల ప్రయోగాల నుంచి చెబుతూ వస్తున్నారు. దాన్ని గీత గీసినట్టు తీసుకోకండి. అంతకు రెట్టింపు వేగంతో జారి కూడా ఆగినవాళ్లు తర్వాతి ప్రయోగాల్లో ఉన్నారు. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది: ఎంత జారింది అన్నది సగం కథే. మిగతా సగం, జారుతున్న పాదంతో పోలిస్తే ఒంటి బరువు ఎక్కడుంది, ఎటు కదులుతోంది అన్నది.

అరచేతిలో నిలబెట్టిన కర్ర పడకుండా ఉండాలంటే అది ఎంత వంగిందో ఒక్కటే చూస్తే చాలదు, ఎంత వేగంగా వంగుతోందో కూడా చూడాలి. శరీరానికీ అదే లెక్క. ద్రవ్యరాశి కేంద్రం (ఒంటి బరువంతా ఒకే చోట ఉందనుకుంటే ఆ చోటు, నిలబడ్డప్పుడు ఇది బొడ్డుకు కాస్త కింద ఉంటుంది) ఉన్న చోటికి, దాని వేగాన్ని సుమారు 3.1తో భాగించి కలపాలి. ఆ 3.1 ఎక్కడిదంటే, కేంద్రం నేలకు మీటరు ఎత్తులో ఉందనుకుంటే గురుత్వ త్వరణం 9.8ని ఆ ఎత్తుతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేది. అలా వచ్చిన బిందువు పాదాల ఆధారం (పాదాలు, వాటి మధ్య ఉన్న నేల) లోపల పడితే నిలబడతాం, బయట పడితే ఇంకో అడుగు వేయాలి లేదా పడాలి.

అంకెల్లో చూస్తే, సెకనుకు 0.3 మీటర్ల వేగం తేడా దాదాపు 10 సెంటీమీటర్ల దూరం తేడాతో సమానం. పాదం 12 సెంటీమీటర్లు జారినా, మొండెం ముందుకు సాగుతూనే ఉంటే కేంద్రం వెళ్లి పాదాన్ని అందుకుంటుంది. అదే 12 సెంటీమీటర్లు, కానీ పొడవాటి అంగ వేసి ఒంటి బరువును వెనకే వదిలేస్తే ఇక అందుకోలేదు, వెల్లకిలా పోతాం. చూసేవాళ్లకు రెండు జారుళ్లూ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఇక కండరాల వరుస. మొదట స్పందించేది జారుతున్న కాలి తొడ వెనక కండరాలు, హ్యామ్‌స్ట్రింగ్స్. మోకాలిని మడుస్తాయి, తుంటిని వెనక్కి లాగుతాయి, రెండూ కలిసి పాదాన్ని ఒంటి కిందికి గుంజుతాయి. కొద్ది పదుల మిల్లీసెకన్ల తర్వాత తొడ ముందు కండరాలు బిగుస్తాయి. అవి బిగవకపోతే మడిచిన మోకాలు అలాగే కూలిపోతుంది. కీళ్ల దగ్గర ఈ సర్దుబాటు బలం స్పష్టంగా కనిపించేది సుమారు 190 నుంచి 350 మిల్లీసెకన్ల మధ్య.

అదే సమయంలో రెండో కాలు ఏం చేస్తోందో చాలామంది గమనించరు. అది అప్పుడే నేల విడిచి ముందుకు ఊగబోతోంది. జారుడు తెలియగానే ఆ ఊపు మధ్యలోనే ఆగి, పాదం ఉన్నపళంగా వెనకే దిగుతుంది. నా అభిప్రాయంలో నిలబడతామా పడతామా తేల్చేది ఎక్కువగా ఈ వెనక అడుగే. జారే కాలు ఆగకపోయినా, వెనక పాదం ఒంటి కేంద్రానికి వెనకగా దిగి, ఆ మోకాలు కుంగకుండా బరువు మోస్తే చాలు.

---

నరాలపని:

గతిశాస్త్రం గారు కండరాల వరుస చెప్పారు, ఆ ఆదేశం ఎక్కడి నుంచి వస్తుందో నేను చెబుతాను.

సమాచారం మూడు చోట్ల నుంచి వస్తుంది. కాలి కండరాల్లో సాగుదలను పట్టే గ్రాహకాలు, అరికాలి చర్మం ఒకటి. లోపలి చెవిలో తల తిరుగుడును పట్టే అర్ధవృత్తాకార కుల్యలు, నేరు కదలికను పట్టే సంచులు రెండోది. మూడోది కళ్లు. జారింది కాలు కాబట్టి కబురు ముందు కాలి నుంచే వస్తుంది. వేగంగా మోసే నరాలు సెకనుకు 50 నుంచి 70 మీటర్లు పంపుతాయి, పాదం నుంచి వెన్నుపాముకు మీటరు దూరం అనుకుంటే 15–20 మిల్లీసెకన్లు. తల కదిలేసరికి ఇంకాస్త ఆలస్యం అవుతుంది. కళ్ల సమాచారం ఇంకా వెనక.

అన్నిటికంటే వేగమైనది వెన్నుపాము స్థాయి సాగుదల రిఫ్లెక్స్ (సాగిన కండరం తనంతట తానే బిగుసుకోవడం), చీలమండ దగ్గర 40–50 మిల్లీసెకన్లు. దానిలో బలం తక్కువ, తెలివి ఇంకా తక్కువ. మనిషి నిలబడ్డ పలకను వేళ్ల వైపు పైకి లేపితే పిక్క కండరం సాగుతుంది. రిఫ్లెక్స్ దాన్ని బిగిస్తే మనిషి వెనక్కి తూలతాడు, అంటే సాయం బదులు హాని. నాలుగైదు సార్లు అలా జరిగేసరికి నాడీ వ్యవస్థ ఆ స్పందనను తగ్గించేస్తుంది. చిన్నమెదడు దెబ్బతిన్నవారిలో ఆ తగ్గింపు సరిగా జరగదు. స్పందన ఎంత మోతాదులో ఉండాలో సరిచేసేది చిన్నమెదడే అని దీన్ని బట్టే తెలుస్తుంది.

నిజంగా నిలబెట్టేది రెండో దశ. 70 నుంచి 120 మిల్లీసెకన్ల ప్రాంతంలో మొదలై, మెదడు కాండం మీదుగా కాళ్లు, మొండెం, చేతులు అన్నిటికీ కలిపి వెళ్లే స్పందన. నడకలో అనుకోకుండా జారినప్పుడు ఇది 90 నుంచి 200 వరకు విస్తరిస్తుంది. మనం కావాలని ఆలోచించి కదలాలంటే 200 మిల్లీసెకన్లు, పరిస్థితి చిక్కుగా ఉంటే ఇంకా ఎక్కువ. పట్టు తప్పిన క్షణం నుంచి తుంటి నేలకు తగలడానికి సుమారు 0.7 సెకను. ఆలోచించి కాలు కదపాలనుకుంటే, అది కదిలేసరికి అందులో సగం అయిపోతుంది.

మీరు అడిగిన మూడు పద్ధతుల విషయానికి వస్తే, చీలమండ, తుంటి పద్ధతులు ఎక్కువగా నిలబడ్డ మనిషిని కొద్దిగా కుదిపి చూసినవి. తుంటి దగ్గర గబుక్కున వంగి సర్దుకోవడం పాదం నేలను ముందుకో వెనక్కో తోయడం మీద ఆధారపడుతుంది. జారే నేల ఆ తోపును ఆపలేదు కాబట్టి అక్కడ తుంటి పద్ధతి పనికిరాదు, పైగా జారుడును పెంచుతుంది కూడా. జారినప్పుడు మిగిలేవి అడుగు, చేతులు.

చేతులు కంగారుతో లేచేవి కావు. 150 మిల్లీసెకన్ల ప్రాంతంలోనే భుజం కండరాలు పనిలోకి దిగుతాయి. వెల్లకిలా పడుతున్నప్పుడు శరీరం మొత్తం వెనక్కి తిరుగుతోంది. చేతులు కింది నుంచి ముందుకు, పైకి లేవడం కూడా అదే దిశ తిరుగుడు. ఆ తిరుగుడులో కొంత వాటాను చేతులు తీసుకుంటాయి, మొండానికి ఆ మేరకు తగ్గుతుంది. పైగా చేతుల బరువు ముందుకు వస్తుంది. జేబుల్లో చేతులు పెట్టుకుని తడి నేల మీద నడవొద్దనేది ఇందుకే. చేతిలో ఏదైనా ఉంటే ఇంకో చిక్కు: జారిన క్షణంలో చాలామంది దాన్ని వదలరు, పట్టుకమ్మి పక్కనే ఉన్నా ఖాళీ లేని చెయ్యి దాన్ని పట్టుకోదు.

---

పాదముద్ర:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు అనుమానాలు. పడకుండా ఆగినా మర్నాడు తొడ వెనక, గజ్జల్లో నొప్పి రావడానికి కారణం ఈ హ్యామ్‌స్ట్రింగ్ లాగుడేనా? నేల జారుడుగా ఉందని తెలిసినప్పుడు ఒళ్లంతా బిగపట్టి నడవడం మంచిదా?

---

ఫిజియో_కూడలి:

అవును, దాదాపు అదే. పాదం ముందుకు పోతుంటే తుంటి వంగి, మోకాలు చాచుకుని హ్యామ్‌స్ట్రింగ్ రెండు చివర్ల నుంచీ సాగుతుంటుంది. సరిగ్గా అప్పుడే అది గట్టిగా బిగుస్తుంది. సాగుతూ బిగిసే కండరమే ఎక్కువగా దెబ్బతింటుంది. పాదం నేరుగా కాకుండా పక్కకు పోతే ఆ పని గజ్జ కండరాల మీద పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో మొదలై క్రమంగా తగ్గే నొప్పి మామూలే. టప్‌మన్న అనుభూతి, నల్లగా కమలడం, కాలు మోపలేకపోవడం, కూర్చునే ఎముక దగ్గర నొక్కితే భరించలేని నొప్పి, వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించాలి. సాగదీసే వ్యాయామాలు అప్పుడే మొదలుపెట్టకండి.

బిగపట్టి నడవడం మంచిది కాదు. చీలమండకు రెండు వైపులా కండరాలు ఒకేసారి బిగిస్తే కీలు కొయ్యబారుతుంది, అత్యవసర అడుగు ఆలస్యమవుతుంది. అడుగు చిన్నది చేయండి, మడమ మొనతో కాకుండా పాదం వీలైనంత చదునుగా దించండి, మోకాలు కొద్దిగా మడిచి ఉంచండి, మొండెం ముందు పాదం మీదికి వచ్చాకే రెండో కాలు ఎత్తండి. చిన్న అడుగుతో కాలు నిలువుకు దగ్గరగా దిగుతుంది, కాబట్టి నేల నుంచి కావలసిన ఘర్షణ తగ్గుతుంది. కేంద్రం కూడా పాదం మీదే ఉంటుంది. గతిశాస్త్రం గారి లెక్కలో రెండు వైపులా లాభం.

వయసు సంగతి. 65 దాటాక స్పందన మొదలవడంలో వచ్చే ఆలస్యం అనుకున్నంత పెద్దది కాదు. అసలు నష్టం బలం పుంజుకునే వేగంలో ఉంటుంది. వేగంగా బిగిసే కండర తంతువులు వయసుతో ముందుగా తగ్గుతాయి. అందువల్ల వెనక అడుగు పొట్టిగా దిగుతుంది, ఒక్కటి సరిపోక రెండు మూడు వేస్తారు, బరువు పడ్డ మోకాలు కుంగి తుంటి కిందికి జారుతుంది. షుగర్ వల్ల అరికాలి స్పర్శ తగ్గినవారికి మొదటి కబురే ఆలస్యంగా, అస్పష్టంగా చేరుతుంది. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మందులు కూడా కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మందులు సొంతంగా మానకండి, రాసిన డాక్టరుతో మాట్లాడండి.

సాధనతో మెరుగవుతుంది, అనుమానం అక్కర్లేదు. పైనుంచి పట్టీలతో కట్టి, కదిలే పలక మీద కావాలనే జారేలా చేస్తారు. 65 దాటినవారితో ఒకే పూటలో 24 జారుళ్లు చేయించిన ఒక ప్రయోగం ఫలితాలు 2014లో వచ్చాయి. తర్వాతి ఏడాదిలో వాళ్ల పడిపోవడాలు దాదాపు సగానికి తగ్గాయి. మొదటి జారుడుకు శరీరం అతిగా ఉలిక్కిపడుతుంది, తర్వాతివాటికి ముందుగానే కేంద్రాన్ని ముందుకు తెచ్చుకోవడం, పాదం చదునుగా దించడం నేర్చుకుంటుంది. మాటలతో నేర్పితే రాని విషయం ఇది. కానీ దయచేసి ఇంట్లో నేల తడిపి ఈ ప్రయోగం చేయకండి. పట్టీలు, పక్కన శిక్షణ పొందిన మనిషి లేకుండా దీన్ని అనుకరించకూడదు.

ఇంట్లో చేయదగ్గవి వేరు. ముందు గట్టి బల్ల, వెనక గోడ ఉన్న చోట నిలబడి, బల్లకు వేళ్లు ఆనించి, ఒక కాలు వేగంగా వెనక్కి వేసి బరువు మోపి తిరిగి రావడం. ఒక్కో కాలికి 8 నుంచి 10 సార్లు. ఇందులో వేగమే ముఖ్యం, మెల్లగా చేస్తే దీనికి అర్థం లేదు. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మడమలు ఎత్తి దించడం. ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ తగిలేలా నిలబడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవారు బ్యాలెన్స్, కండర బలం కలిసిన వ్యాయామాలు వారానికి కనీసం 3 రోజులు చేయాలి.

ఎక్కడున్నామో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు. పైన చెప్పిన మడమ–వేళ్ల నిలబడటం 10 సెకన్లు ఆగలేకపోతే పడే ప్రమాదం ఎక్కువ. కుర్చీలోంచి లేచి, మామూలు వేగంతో 3 మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే ఫిజియోథెరపిస్టును కలవాలి.

---

సోలు_నేల:

నేల, చెప్పుల వైపు నుంచి కొంచెం. తడి నేల జారడానికి కారణం సోలుకీ నేలకీ మధ్య చిక్కుకున్న నీటి పొర. అది పక్కలకు తప్పుకునేలోపే బరువు పడితే రబ్బరు నేలను తాకదు. సోలు కింద గాడులు ఉండేది నీటికి దారి ఇవ్వడానికే. సబ్బు నీరు, నూనె మామూలు నీటికంటే చిక్కగా ఉంటాయి కాబట్టి పక్కకు పోవడానికి ఎక్కువసేపు పడుతుంది, గాడులున్న సోలు కూడా అక్కడ తడబడుతుంది.

చెప్పు తిరగేసి మడమ వెనక, బయటి అంచు చూడండి. నేలకు ముందుగా తగిలేది సాధారణంగా అక్కడే, అరిగేదీ అక్కడే. మిగతా సోలంతా కొత్తగా ఉన్నా ఆ ముక్క నున్నగా మెరుస్తుంటే తడి నేలకు ఆ చెప్పు పనికిరాదు. మడమ పట్టీ లేని వదులు చెప్పుల్లో పాదం చెప్పులోనే జారుతుంది, అంటే రెండు చోట్ల జారుడు. నున్నటి నేల మీద మేజోళ్లతో నడవడం అన్నిటికంటే చెడ్డది.

ఇంకో సంగతి. తడి నేల కంటే పొడి నేల మధ్యలో ఉన్న చిన్న తడి మచ్చ ప్రమాదం. శరీరం పొడి నేలకు తగ్గ పొడవాటి అంగతో వస్తుంది, ముందుజాగ్రత్త ఏదీ తీసుకుని ఉండదు.

---

ఎదురుగాలి:

ఇవన్నీ బానే ఉన్నాయి కానీ నిలదొక్కుకోలేమని తేలిపోయాక, చేతులు వెనక్కి గట్టిగా ఆనించి పడితే తల, నడుము రక్షింపబడతాయి కదా?

---

ఫిజియో_కూడలి:

ఎదురుగాలి గారు, చెయ్యి అడ్డుపెట్టడం సహజంగానే జరుగుతుంది, తలను కాపాడేది కూడా అదే. కానీ మోచేయి చాచి బిగబట్టి పెట్టకూడదు. అలా పెడితే దెబ్బంతా మణికట్టు ఎముకల మీదికి పోతుంది. మణికట్టు దగ్గర విరిగే కేసుల్లో ఎక్కువ భాగం ఇలా చాచిన చేతి మీద పడ్డవే. మోచేయి కొద్దిగా మడిచి ఉంటే చెయ్యి కుంగుతూ వేగాన్ని తగ్గిస్తుంది.

వెల్లకిలా పోతున్నప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనక భాగం నేలకు కొట్టుకోకుండా. మోకాళ్లు మడిచి కూర్చుంటున్నట్టు దిగితే పిరుదు పడే ఎత్తు తగ్గుతుంది. అర మీటరు ఎత్తు నుంచి పడినా తగిలే వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు ఉంటుంది, కాబట్టి ప్రతి పది సెంటీమీటర్లకూ విలువ ఉంది. తుంటి పక్క భాగం మీద నేరుగా పడటం అన్నిటికంటే ప్రమాదం, తుంటి ఎముక విరుగుళ్లు ఎక్కువగా అలాగే వస్తాయి.

పడ్డాక వెంటనే లేపకండి. గజ్జలో నొప్పి, ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉండటం, ఇవి తుంటి విరిగిన గుర్తులు. నిలబెట్టే ప్రయత్నం చేయకుండా ఆంబులెన్స్ పిలవండి. రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నానని చెప్పినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

---

పాదముద్ర:

ఆఖరి ప్రశ్న. మెట్లు దిగేటప్పుడు జారితే వెనక అడుగు వేసే చోటే ఉండదు కదా, అప్పుడు శరీరం దేని మీద ఆధారపడుతుంది?

---

గతిశాస్త్రం:

చేతి మీద. దిగేటప్పుడు పాదం ముందు భాగం మెట్టు అంచు మీద దిగుతుంది, జారితే ఆధారం ఒక్కసారిగా పోతుంది. వెనక కాలు పై మెట్టు మీద మోకాలు మడిచి ఉంటుంది, ఒంటి బరువంతా దాని తొడ ముందు కండరమే మోయాలి, చాలాసార్లు మోయలేదు. పట్టుకమ్మి అందుకునే స్పందన కావాలని చేసే కదలికకంటే వేగంగా మొదలవుతుంది, కానీ కమ్మి ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి. మెట్ల దగ్గరికి రాగానే చూపు ఒకసారి దాని మీద పడితే మెదడు ఆ చోటు గుర్తుంచుకుంటుంది, తర్వాత చెయ్యి చూడకుండానే అటు వెళ్తుంది. అంతకంటే మేలు, దిగుతున్నంతసేపూ అరచెయ్యి దాని మీద జారుతూ ఉండటం. కమ్మి చుట్టూ వేళ్లు పూర్తిగా మూసుకోవాలి. 3 నుంచి 5 సెంటీమీటర్ల మందం ఉన్న గుండ్రటి కమ్మి అందుకు సరిపోతుంది, వెడల్పాటి చెక్క పలకైతే చెయ్యి ఆనుతుంది గానీ ఒంటి బరువు పడ్డప్పుడు పట్టు జారిపోతుంది. కమ్మి ఆఖరి మెట్టు దాటాక కూడా కాస్త ముందుకు సాగి ఉండాలి, మెట్లు అయిపోయాయనుకుని పొరబడి అడుగు వేసేది సరిగ్గా అక్కడే.